వెన్నపూత

రెండు చలికాలాలు గడిచినా సన్యాసమ్మ తనకి ఒక్క పురుడు అప్పజెప్పలేదని వరహాలుకి లోపల్లోపల ఒకటే ఉడుకుమోత్తనం.

పక్కన కూర్చుని నీళ్లందించడం, గుడ్డలు చింపి ఇవ్వడం, వీపు నిమరడం ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. ఆ పిల్ల కోరుకున్నది అది కాదు. నొప్పులు పడే మనిషి మోకాళ్ల ముందు తను కూర్చోవాలి. వచ్చే బిడ్డని తన చేతులు అందుకోవాలి. రేపు ఆ బిడ్డ వీధిలో పరిగెడుతుంటే, దీనికి పురుడు పోసింది మన వరహాలే అని నలుగురూ అనాలి. అందుకోసమే పుట్టి పెరిగిన మైదానం ఊరు వదిలి, బస్సు కూడా రాని ఆ కొండమీదికి, తేనెపుట్టు అనే ఊరికి, నెత్తిన మూట పెట్టుకుని నడిచి వచ్చింది.

సన్యాసమ్మ గురించి చెప్పాలి. పేరుకే సన్యాసమ్మ గానీ ఆరుగుర్ని కన్న తల్లి. ఆ కొండకి ఆవిడే మంత్రసాని. చుట్టుపక్కల లోయల్లో తిరిగే పిల్లల్లో సగం మంది ముందు ఆవిడ చేతుల్లో పడి, ఆ తర్వాతే తల్లి మొహం చూసినవాళ్లు. ఆవిడ పురుడు పోస్తే బిడ్డ నిలుస్తుందని పేరు. ఆ చలిలో బిడ్డ నిలవడమంటే మాటలా? మైదానంలో ఎంతో పేరున్న మంత్రసానులు కూడా చలికాలం ఆ కొండెక్కమంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవారు.

ఆవిడకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి, చుట్ట తియ్యాలంటే బద్ధకం. అందుకని ఆవిడ మాటలు బహు తక్కువ. జనం దాన్నే జ్ఞానం అనుకున్నారేమో నాకు తెలీదు. ఒక్క పురిటింటి గడప దగ్గర మాత్రం చుట్ట ఆర్పేసి, చూరులో దోపి, చేతులూ నోరూ కడుక్కుని లోపలికెళ్లేది. కాబట్టి ఆవిడ నోట నాలుగు మాటలు వినాలంటే ఎవరో ఒకరు కనాల్సిందే.

ఒకరోజు ఉండబట్టలేక వరహాలు అడిగేసింది.

"మామ్మా, నాకేం తక్కువని నా చేతికి పురుడివ్వవు?"

సన్యాసమ్మ లోపలికెళ్లి, పొయ్యి పక్కన వేలాడే ఆనపబుర్ర తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. బుర్ర నిండా ఇప్పనూనె, చలికి నెయ్యిలా గడ్డకట్టి ఉంది. వీధి ఆ చివర నుంచి మొదలుపెట్టమన్నట్టు గడ్డంతో చూపించి, మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చుంది.

అప్పట్నుంచీ సాయంత్రమయ్యేసరికి వరహాలు పని అదే. ఇల్లిల్లూ తిరిగి ముసలాళ్ల మడమలకీ పిల్లల బుగ్గలకీ ఇప్పనూనె రాయడం.

రాయక తప్పదు మరి. తేనెపుట్టులో కార్తీకం దాటిందంటే గాలి మారిపోతుంది. కొండలన్నీ వలిసె పూలతో పచ్చగా పసుపు ఆరబోసినట్టుంటాయి, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ఆ గాలి మనిషి ఒంట్లో తడినంతా తాగేస్తుంది. పిల్లల బుగ్గలు ఎర్రగా కంది చిట్లుతాయి. పెదాలు పగులుతాయి. ముసలాళ్ల మడమల్లో పగుళ్లు ఎంత లోతుగా ఉంటాయంటే, అందులో చోడిగింజ, అదే రాగిగింజ, పడితే మొలకెత్తుతుందని వాళ్లే వేళాకోళం ఆడుకుంటారు.

అందుకని ఊళ్లో అందరికీ ఒక పద్ధతుంది. చలికాలం పొద్దున్నే ఎవరూ నీళ్లు పోసుకోరు. ఎండ వాకిట్లోకి దిగాక, మధ్యాహ్నం వేళ పోసుకుంటారు. ఒళ్లు తోమరు. గుడ్డతో రుద్దరు, అద్దుతారు. ఆ తడి పూర్తిగా ఆరకముందే గోరుతో ఇంత ఇప్పనూనె గీకి, అరచేతుల మధ్య కరిగించి, బుగ్గలకీ మోచేతులకీ కాళ్లకీ పట్టిస్తారు. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఇంకోసారి. అంతకుమించి ఇంకేం చెయ్యరు.

వరహాలుకి ఇదంతా ఒట్టి మోటు వ్యవహారంలా కనిపించేది. ఇప్పనూనె వాసన కూడా ఆ పిల్లకి గిట్టదు. పైగా తను ఎవరి కూతురు? వాళ్లమ్మ పైడితల్లి నలుగు పెట్టడంలో ఆరితేరిన మనిషి. పెసలు, పచ్చిశనగలు, పసుపుకొమ్ములు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్కలు, అన్నీ ఎండబెట్టి విసిరి జల్లిస్తే వచ్చే సున్నిపిండి సువాసన నాలుగిళ్ల అవతలికి తెలిసేది. కింద ఊళ్లలో చెమటా దుమ్మూ ఎక్కువ. ఆ పిండితో ఒళ్లు రుద్దుకుంటే ప్రాణం లేచొచ్చేది. పుట్టిన బిడ్డని కూడా దాంతోనే రుద్ది రుద్ది స్నానం చేయించి, బయటికి తెచ్చి చూపిస్తే చుట్టాలు కళ్లు తిప్పుకోలేకపోయేవారు. ఆ విద్యంతా వరహాలు వేళ్లలో ఉంది. అలాంటి వేళ్లతో ముసలాళ్ల మడమలు పట్టుకోవాలా?

ఇంకో సంగతి కూడా ఆ పిల్లని కుదురుగా ఉండనిచ్చేది కాదు. సన్యాసమ్మ పుట్టిన బిడ్డని కడిగేది కాదు. నెత్తురు మరకలు మెత్తటి గుడ్డతో అద్ది తీసేసేది, అంతే. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటిమీద తెల్లగా, జిడ్డుగా, వెన్న పూసినట్టు ఉంటుంది కదా, దాన్ని తుడవకపోగా అరచేత్తో మెల్లగా సర్ది ఒళ్లంతా పట్టించేది. ఆవిడ దాన్ని వెన్నపూత అనేది. బిడ్డ స్నానానికని వరహాలు కాచిన నీళ్లు అలాగే చల్లారిపోయేవి. కడగనా మామ్మా అని అడిగితే, మంచి ఎండ కాసిన రోజు చూద్దాంలే అని చెయ్యి ఊపేది.

ముసిలామెకి చూపు ఆనడం లేదు, ఓపికా తగ్గింది, ఆ మాట పైకి చెప్పుకోలేక ఇలా సర్దుకుపోతోంది. వరహాలు ఇలా తీర్మానం చేసేసుకుంది. మనసులో పెట్టుకుని ఊరుకున్నా బాగుండేది. ఊట దగ్గర నీళ్లకెళ్లినప్పుడు ఇద్దరు ముగ్గురితో అనేసింది. పాపం, బిడ్డల్ని మురికితోనే చుట్టబెట్టి ఇచ్చేస్తోంది మా మామ్మ, నేనైతేనా, అంది. కొండమీద మాట ఎంతసేపు దాగుతుంది? పొద్దు వాలకముందే సన్యాసమ్మ చెవిన పడింది. ఆవిడ చుట్ట మాత్రం తియ్యలేదు.

ఆ ఏడు పుష్యమాసం పండగ దగ్గర పడేసరికి ఊళ్లో హుషారు మొదలైంది. ధింసా ఆడాలి, పక్క ఊళ్లవాళ్లు వస్తారు, మొహాలు బాగుండాలి. ఆడాళ్లంతా వరహాలు చుట్టూ మూగారు. మీ అమ్మ చేసే పిండి ఏదో ఉందన్నావు కదే, మాకూ పెట్టవే అన్నారు. వరహాలుకి ఏనుగెక్కినంత సంబరమైంది. మూటలోంచి దినుసులన్నీ తీసి, తిరగలి దగ్గర కూర్చుని, పాడుకుంటూ విసిరింది. ఊరంతా ఘుమఘుమలాడింది. ఇంటికో దోసెడు పంచి, ఎలా రుద్దుకోవాలో దగ్గరుండి చూపించింది.

నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులూ అద్భుతం. మొహాలు తళతళలాడిపోయాయి. మొగుళ్లు పెళ్లాల్ని గుర్తుపట్టనట్టు నటించి తిట్లు తిన్నారు. జిడ్డు నూనె ఎవరికి కావాలి అని బుర్రలన్నీ మూలకి నెట్టేశారు. వరహాలు వీధిలో నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదు.

పండగ సాయంత్రం ఆడాళ్లంతా నడుములు పట్టుకుని వరసగా నిలబడ్డారు. డప్పులు మొదలయ్యాయి. నాలుగు అడుగులు వేశారో లేదో, ఎవరో ఏదో మాట విసిరారు, అందరికీ నవ్వొచ్చింది. నవ్వబోయి, అబ్బా అని ఒక్కసారే మూతులు పట్టుకున్నారు. పెదాలు చిట్లి నెత్తురు. బుగ్గలు బిగదీసి మంట. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మూతులు బిగించుకుని, రెప్ప కూడా వెయ్యకుండా, తద్దినానికొచ్చినవాళ్లలా ధింసా ఆడారు. పక్క ఊరి డప్పులాయన వాయించడం ఆపి, మీ ఊళ్లో ఎవరైనా పోయారా అని అడిగాడు.

సన్యాసమ్మ లేచి, ఆనపబుర్ర పట్టుకుని వరస ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. గుళ్లో తీర్థం ఇస్తున్నట్టు ఒక్కొక్కరి పెదాలకీ ఒక వేలు అద్దుకుంటూ వెళ్లింది. చివర నిలబడ్డ వరహాలు దగ్గరకొచ్చేసరికి, ఈ ఏడు గాలి మరీ ఎక్కువగా ఉంది మామ్మా, అందుకే ఇలాగైంది, అంది ఆ పిల్ల. సన్యాసమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఏమంటుందోనని ఊరంతా చెవులు రిక్కించింది. ఆవిడ వరహాలుని కాసేపు చూసి, చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఆ ధింసా వరసలో నిలబడనిది ఊరి మొత్తానికి ఒక్క చిలకమ్మే. ఆమెకి నెలలు నిండాయి.

చిలకమ్మ సంగతి తలుచుకుంటే ఎవరికైనా గుండె బరువెక్కేది. కిందటేడు ఇదే చలిలో, పుట్టింట్లో ఉండగా, తొలి కాన్పు బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. సన్యాసమ్మకి కబురందేసరికే అంతా అయిపోయింది. ఈసారి అత్తింట్లోనే కంటాను, మామ్మ చేతిలోనే కంటాను అని చిలకమ్మ పట్టుబట్టి ఉండిపోయింది. మొగుడు సోమన్న అయితే గోడల్లో ఉన్న ప్రతి సందూ మట్టి మెత్తి పూడ్చేశాడు, గాలి దూరకుండా. ఊళ్లో ఎవరు ఎదురుపడ్డా అదే మాట, ఈ బిడ్డ నిలవాలి.

పండగైన మర్నాడే కోడికూతకి అవతలి లోయ నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. అక్కడెవరికో బిడ్డ అడ్డం తిరిగింది. సన్యాసమ్మ కర్ర పట్టుకుని బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ చిలకమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఇంకా టైముంది, నేనొచ్చేస్తాను అంది.

ముసిలామె లెక్క మొదటిసారి తప్పింది. ఆవిడ గట్టు దాటిందో లేదో, ఎండ ఇంకా చెట్ల చివర్లలో ఉండగానే, చిలకమ్మకి నొప్పులు అందుకున్నాయి. సోమన్న సన్యాసమ్మ కోసం పరుగెత్తాడు. చిలకమ్మ అత్త పోతమ్మేమో వరహాలు కోసం పరుగెత్తింది.

వరహాలు గుండె డప్పులా కొట్టుకుంది. భయంతో కాదు, సంబరంతో. ఇన్నాళ్లూ ఎదురుచూసిన రోజు దానంతటదే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కొంగు బిగించి, చిలకమ్మ మోకాళ్ల ముందు కూర్చుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ పిల్ల ఎంత బాగా చేసిందనుకున్నారు. ఎప్పుడు ఆగమనాలో ఆగమంది, ఎప్పుడు ముక్కమనాలో ముక్కమంది. తల బయటికొచ్చాక చూస్తే మెడకి పేగు ఒక చుట్టు చుట్టుకుని ఉంది. పోతమ్మ కెవ్వుమనబోయింది. వరహాలు ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. వేలు దూర్చి, మెల్లగా పేగుని తలమీదుగా తప్పించేసింది. మరుక్షణం బిడ్డ జర్రున జారి ఆ చేతుల్లోకి వచ్చిపడింది. ఆడపిల్ల. పడీ పడగానే ఊరు లేచిపోయేలా ఏడ్చింది.

బయట జనం గోల చేశారు. చిలకమ్మ నవ్వుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది. పోతమ్మ వరహాలు తల పట్టుకుని మెటికలు విరిచింది. వరహాలుకి కళ్లు చెమర్చాయి. తను అందుకున్న మొదటి బిడ్డ మరి.

బిడ్డ ఒళ్లంతా తెల్లటి పూత దట్టంగా పట్టి ఉంది. ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తామంటోంది. ఈ అవతారంలో ఎలా చూపిస్తుంది? నీళ్లు కాగే ఉన్నాయి, పళ్లెంలో సున్నిపిండి కూడా ఉంది. బొడ్డు కోసి ముడేసి, కాళ్లు చాపుకుని, బిడ్డని కాళ్లమీద వేసుకుని, వాళ్లమ్మ చేసినట్టే మొదలుపెట్టింది. ఆ పూత మొండిది, ఒక పట్టాన పోలేదు. ఇంకో గుప్పెడు పిండి తీసుకుంది. వీపు, పొట్ట, చేతులు, కాళ్లు, ఎక్కడా వదలకుండా రుద్దింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, గొంతు చూడండర్రా ఎంత గట్టిదో అని అందరూ మురిసిపోయారు. చివరికి బిడ్డ అప్పుడే ఒలిచిన దానిమ్మ గింజలా తేలింది. వరహాలు ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి, గుమ్మం దాకా తెచ్చి, అందరికీ చూపించింది.

అబ్బ, ఎంత బాగుందే, అన్నారు. నీ చేతి చలవే వరాలూ అన్నారు. ఆ కాసేపూ వరహాలు మొహం చూడాలి.

లోపలికొచ్చేసరికి బిడ్డ ఏడుపు ఆపేసింది. ఎంత బుద్ధిమంతురాలో, నిద్రపోయింది అంది పోతమ్మ. చిలకమ్మ పక్కలో పడుకోబెట్టారు. చిలకమ్మ రొమ్ము అందిస్తే బిడ్డ పట్టలేదు. అలిసిపోయిందిలే, లేచాక తాగుతుంది అనుకున్నారు.

వరహాలు గుడ్డ సర్దుతూ బిడ్డ కాలు ముట్టుకుంది. ఊటలో రాయిని ముట్టుకున్నట్టు తగిలింది.

ఎవరికీ చెప్పలేదు. ఇంకో గుడ్డ తెచ్చి చుట్టింది. ఆ పైన ఇంకోటి. కుంపటి దగ్గరికి జరిపింది. మళ్లీ ముట్టుకుని చూసింది. గుడ్డలు వెచ్చబడ్డాయి గానీ లోపల బిడ్డ వెచ్చబడలేదు. పెదాల చుట్టూ రంగు మారుతోంది. ఇందాకటి గొంతు ఏమైపోయిందో, నోరు తెరిస్తే పిల్లి కూన పాటి చప్పుడు కూడా రావడం లేదు.

"ఏడవట్లేదేంటే వరాలూ?" అని అడిగింది చిలకమ్మ. అడిగి, ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. కిందటేడు ఇదంతా చూసిన మనిషి కదా. గోడవైపు తిరిగి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

వరహాలుకి తెలిసిన విద్య అంతా అయిపోయింది. ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. బిడ్డ ముందు మోకాళ్లమీద కూర్చుని, పోవద్దే తల్లీ, పోవద్దే అంటూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే బయట కలకలం. సోమన్న సన్యాసమ్మని దాదాపు ఎత్తుకుని తెచ్చినట్టున్నాడు. అవతలి లోయ బిడ్డ క్షేమంగా పుట్టిందట, ఆవిడ అప్పుడే తిరుగుదారి పట్టిందట, గట్టుమీద ఎదురైందట. సన్యాసమ్మ చుట్ట చూరులో దోపి, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. గది ఒకసారి కలియజూసింది. బేసిన్లో పిండి కలిసిన నీళ్లు, వాటి మీద తేలుతున్న తెల్లటి తరకలు. అన్నీ చూసింది.

బిడ్డకి చుట్టిన గుడ్డలన్నీ విప్పేసింది. వరహాలు అడ్డం పడబోయింది, చలి మామ్మా అని. సన్యాసమ్మ వినిపించుకోలేదు. చిలకమ్మని ఇటు తిప్పి, రవిక తీయించి, బిడ్డని ఒట్టి ఒంటితో ఆమె రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. ఇద్దరి మీదా కలిపి కంబళి కప్పింది. బిడ్డ తలకి తన తలగుడ్డ విప్పి చుట్టింది.

తర్వాత కంబళి కిందికి చెయ్యి పోనిచ్చి, వేళ్లతో వెతకడం మొదలుపెట్టింది. బిడ్డ చంకలో వెతికింది. మెడ మడతలో వెతికింది. చెవుల వెనక, తొడల సందుల్లో వెతికింది. వరహాలు పిండి అందని చోట్ల, మడతల లోపల, ఆ తెల్లపూత ఇంకా కొంచెం కొంచెం మిగిలి ఉంది. దాన్ని వేలికొసతో తీసి, బిడ్డ వీపు మీద రాసింది. మళ్లీ వెతికింది, మళ్లీ రాసింది. పండగనాడు ఇల్లాలు గిన్నె అడుగున మిగిలిన నెయ్యి వేలితో తీసి పిల్లల నోటికి అందిస్తుందే, అలా పొదుపుగా తీసి రాసింది. అది అయిపోయాక ఇంత ఇప్పనూనె అరచేతిలో కరిగించి, మిగతా ఒంటికి మెల్లగా పట్టించింది.

ఆ పైన చేతులు తీసేసి, గోడకానుకుని కూర్చుంది. ఇంకేం చెయ్యలేదు.

గదిలో ఎవరూ కదల్లేదు. పోతమ్మ పెదాలు ఏవో దేవుళ్ల పేర్లు తలుస్తున్నాయి. బయట సోమన్న అడుగుల చప్పుడు అటూ ఇటూ. వరహాలు కళ్లు కంబళి మీదే. ఎండ గుమ్మం దాటి లోపలికి జానెడు పాకింది. చిలకమ్మ కళ్లు మూసుకుని ఉంది, కానీ ఆమె రెండు చేతులూ కంబళి కింద బిడ్డ వీపుని వదల్లేదు.

"కదిలింది," అంది చిలకమ్మ, కళ్లు తెరవకుండానే.

ఎవరూ నమ్మలేదు. కాసేపటికి కంబళి అంచు కింద బుల్లి పాదం ఒకటి కనబడింది. వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. పోతమ్మ గభాల్న వంగి ముట్టుకుని, ఓలమ్మో, యెచ్చగుంది, అని కేక పెట్టింది. బిడ్డ తల అటూ ఇటూ కదిపి, ముక్కుతో పొడిచి, వెతుక్కుని, తల్లి రొమ్ము అందుకుంది. గుటకల చప్పుడు గది మొత్తానికి వినబడింది. రెండు గుటకలు వేసి, ఊపిరాడకో ఏమో, వదిలేసి, ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకి బయట సోమన్న నేలమీద కూలబడిపోయాడు. ఊరంతా ఒకటే అరుపులు. ఎవరో డప్పు కూడా అందుకున్నారు. పెదాలు చిట్లుతున్నా లెక్కచెయ్యకుండా ఆడాళ్లంతా నవ్వారు.

వరహాలు మాత్రం నవ్వలేదు. బేసిన్ పక్కనే కూర్చుని ఉంది. సన్యాసమ్మ తన వైపు చూడ్డం చూసి, తనే చెప్పేసింది.

"మురికనుకున్నాను మామ్మా. కడిగేశాను."

"తొమ్మిది నెల్లూ నీల్లలోనే ఉంది కదే గుంటా. నువ్వేటి కడిగావు?"

బేసిన్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. తెల్లటి తరకలు చలికి బిగిసి, అంచుకి అంటుకుని ఉన్నాయి. ఆ పిల్ల వాటినే చూస్తూ కూర్చుంది. ఏడుపు ఎప్పుడు మొదలైందో తనకే తెలీదు.

చిలకమ్మకి పక్క మార్చాలి, ఒళ్లు తుడవాలి, ఇంత చోడంబలి తాగించాలి. పోతమ్మ ఆమెని లేపి కూర్చోబెట్టింది. బిడ్డని ఎవరైనా పట్టుకోవాలి. అమ్మలక్కలు నేనంటే నేనని చేతులు చాపారు. సన్యాసమ్మ ఎవరికీ ఇవ్వలేదు. కంబళితో సహా బిడ్డని ఎత్తుకుని, తిన్నగా వరహాలు దగ్గరికి వచ్చి నిలబడింది.

వరహాలు వెనక్కి జరిగింది. రెండు చేతులూ వెనక దాచుకుంది.

"వద్దు మామ్మా. ఈ చేతులతో వద్దు."

"నీ సేతులెవులడిగారే?" అంది సన్యాసమ్మ. "ఒళ్లియ్యి."

వంగి, ఆ పిల్ల రవిక ముడి తనే విప్పింది. బిడ్డని ఒట్టి గుండెల మీద ఆనించి, ఇద్దరి చుట్టూ కంబళి కప్పి, అంచు మెడ కింద దోపింది. బిడ్డ కాసేపు చిరాకుపడి, చెంప అటొకసారి ఇటొకసారి రుద్దుకుని, కుదురుకుంది. వరహాలు చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. కళ్లనీళ్లు బిడ్డ మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి మెల్లగా తీసుకుంటూ, అలా కూర్చుండిపోయింది.